బేరింగ్ పాడైందా? పారేసే ముందు కేజ్ చూడండి

రాత్రి షిఫ్టులో బేరింగ్ పట్టేసి లైను ఆగిపోతే, పొద్దున సూపర్‌వైజర్ నోటి నుంచి వచ్చే మొదటి మాట "గ్రీజు ఎవరు కొట్టారు?" అని. ఆ పేరు కాంట్రాక్టు మనిషిదైతే విచారణ అక్కడితో అయిపోయినట్టే. పాడైన బేరింగ్ తుక్కు డబ్బాలో పడుతుంది. కొత్తది ఎక్కుతుంది. కాగితం మీద మాత్రం మీ పేరు మిగిలిపోతుంది.

చాలాసార్లు అసలు సంగతి ఆ తుక్కు డబ్బాలో పడిన బేరింగ్‌లోనే ఉంటుంది. అది తెలియాలంటే బేరింగ్‌లో అందరూ తేలిగ్గా తీసిపారేసే ఒక భాగం గురించి తెలుసుకోవాలి. దాని పేరు కేజ్.

అమెరికాలో తెలుగువాళ్లంటే అందరూ కంప్యూటర్ ఉద్యోగాలే అనుకుంటారు. అన్నో అక్కో పిటిషన్ వేస్తే ఏళ్లకేళ్లు ఆగి, యాభై దాటాక కుటుంబంతో వచ్చి గోదాముల్లో, బేకరీల్లో, ప్లాస్టిక్ ఫ్యాక్టరీల్లో చేరినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఐటీఐ చదివి, గల్ఫ్‌లో పదేళ్లు మెయింటెనెన్స్ చేసి ఇటు వచ్చినవాళ్లూ ఉన్నారు. స్టాఫింగ్ ఏజెన్సీ ద్వారా మెషిన్ల దగ్గర నిలబడే వాళ్ల కోసమే ఈ వ్యాసం. ఇంటి దగ్గర ఉన్నవాళ్లు కూడా చదవండి. "మెషిన్ పాడైందట, పని పోతుందేమో" అని ఫోన్‌లో విన్నప్పుడు ఏమడగాలో తెలుస్తుంది.

కేజ్ చేసే పని

సైకిల్ షాపులో హబ్ విప్పడం చూసే ఉంటారు. గిన్నెలో గ్రీజు పూసి గుండ్లు ఒక్కొక్కటిగా అతికిస్తారు. వాటి మధ్య ఏమీ ఉండదు, గుండును గుండు తాకుతూనే తిరుగుతుంది. సైకిల్ వేగానికి అది చాలు. మోటారుకి చాలదు.

ఎందుకంటే పక్కపక్కనున్న రెండు గుండ్లూ ఒకే వైపుకి తిరుగుతాయి. అవి ఒకదాన్నొకటి తాకే చోట మాత్రం ఒకదాని అంచు పైకి పోతుంటే, రెండోదాని అంచు కిందికి పోతుంటుంది. అంటే ఎదురెదురుగా రుద్దుకుంటాయి. వేగం పెరిగే కొద్దీ ఆ రాపిడే వేడి అవుతుంది. అందుకని గుండుకీ గుండుకీ మధ్య ఒక గోడ పెట్టారు. ఆ గోడలన్నీ కలిపిన చక్రమే కేజ్. కేజ్ అంటే పంజరం అని అర్థం. అయితే అది గుండ్లని బంధించడానికి పెట్టింది కాదు, ఎడం పాటించడానికి పెట్టింది. బరువు మోసేది గుండ్లూ రింగులూ మాత్రమే, కేజ్ మీద బరువు పడదు, పడకూడదు కూడా.

కేజ్ ఎంత వేగంగా తిరుగుతుందో చాలామందికి తెలియదు. లోపలి రింగు షాఫ్టుతో సమానంగా తిరుగుతుంది, బయటి రింగు కదలదు, గుండ్లూ కేజ్ ఈ రెండిటి మధ్య వేగంతో పోతాయి. చిన్న మోటార్లలో వాడే 6205 లాంటి బేరింగ్‌లో అది షాఫ్టు వేగంలో సుమారు నూటికి 40 వంతులు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి నాలుగు పోల్స్ మోటారు నిమిషానికి 1440 చుట్ల దాకా తిరుగుతుంది, కేజ్ 575 దాకా. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్. అలాంటి మోటారే ఇక్కడ 1750 తిరుగుతుంది, కేజ్ 700. నిమిషానికి 700 చుట్లు, రోజంతా, ఏళ్ల తరబడి. రేకు ముక్కే కదా అని తీసిపారేయకూడనిది అందుకే.

ఇంకో సంగతి. ఇప్పుడు మనం వాడే మామూలు బాల్ బేరింగ్‌ని బిగించే పద్ధతికి రాబర్ట్ కాన్రాడ్ అనే ఆయన 1906లో అమెరికా పేటెంట్ తీసుకున్నాడు. కేటలాగుల్లో ఇప్పటికీ "కాన్రాడ్ టైపు" అనే రాస్తారు. లోపలి రింగుని ఒక పక్కకి జరిపి, ఏర్పడిన ఖాళీలో గుండ్లు వేసి, తర్వాత రింగుని మధ్యకు తెచ్చి, గుండ్లని చుట్టూ సమానంగా పరిచి, రెండు వైపుల నుంచి కేజ్ సగాలు పెట్టి రివెట్ కొడతారు. దీన్ని తిరగేసి ఆలోచించండి. కేజ్ పగిలితే గుండ్లు మళ్లీ ఒక పక్కకి చేరిపోవచ్చు. అప్పుడు రెండో పక్క షాఫ్టుకి ఆధారం లేదు. షాఫ్టు కుంగుతుంది, రోటర్ రాసుకుంటుంది, బెల్టు తెగుతుంది. బేరింగ్‌లో గుండు పైన చిన్న గుంట పడితే వారాల పాటు గరగరమంటూ హెచ్చరిస్తుంది. కేజ్ పోతే అంత గడువు ఇవ్వదు.

రేకు కేజ్, ఇత్తడి కేజ్

ఎక్కువగా కనిపించేది అచ్చు కొట్టిన ఉక్కు రేకు కేజ్. రెండు అలల్లాంటి పట్టీలు, మధ్యలో రివెట్లు. ఇంట్లో సీలింగ్ ఫ్యాన్‌లో ఉన్నదీ ఇదే, గోదాంలో కన్వేయర్ రోలర్‌లో ఉన్నదీ ఇదే. తేలిక, చవక, వేడికి బాగా తట్టుకుంటుంది. కేజ్ వరకే చూస్తే 300 డిగ్రీల సెల్సియస్ దాకా దానికి ఇబ్బంది లేదు. అంతకు చాలా ముందే గ్రీజు మాడిపోతుంది, సీలు కరిగిపోతుంది, అది వేరే విషయం. దీని బలహీనత రివెట్లే. గట్టిగా అదిరే మెషిన్‌లో రివెట్ తల తెగి, పట్టీ విడిపోతుంది. గ్రీజు తక్కువైతే ఉక్కు మీద ఉక్కు రాసుకోవడం కూడా దీనికి పడదు.

రెండోది ఇత్తడి కేజ్. రేకు కాదు, దిమ్మ నుంచి లేత్ మీద తీసిన గట్టి చక్రం. పెద్ద మోటార్లు, పంపులు, కంప్రెసర్లు, బాగా అదిరే జల్లెడ మెషిన్లలో పెడతారు. గ్రీజు కాస్త అటూ ఇటూ అయినా ఇత్తడి కొంతసేపు ఓర్చుకుంటుంది. అరిగినా చెబుతుంది: గ్రీజులో బంగారు రంగు మెరుపు కనిపిస్తే కేజ్ అరుగుతోందని అర్థం. పాత గ్రీజు తీసి వేళ్ల మధ్య రుద్ది, లైటు కింద చూడటం మెయింటెనెన్స్ పెద్దవాళ్లకి అలవాటు. మెషిన్ ఆపి, తాళం వేశాకే సుమా.

ఇత్తడికి ఒకటే శత్రువు, అమోనియా. అమెరికాలో పెద్ద కోల్డ్ స్టోరేజీలు, కోళ్ల ప్లాంట్లు, మాంసం ప్లాంట్లు చాలావరకు అమోనియాతోనే చల్లబరుస్తాయి. ఆ కంప్రెసర్లలో ఇత్తడి కేజ్ పెట్టకూడదని బేరింగ్ కంపెనీల కేటలాగులే చెబుతాయి. ఇది మొదట మన దేశంలో బయటపడిన సంగతి. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాలని గుర్రపుశాలల్లో దాచేది. వానలు తగ్గాక తీసి చూస్తే ఇత్తడి తొడుగులు ఊరికే చీలిపోయి ఉండేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, ఇత్తడిలో లోపల మిగిలిన బిగువు, వానాకాలపు తేమ కలిస్తే అలా జరుగుతుందని తర్వాత తేలింది. సీజన్‌లో చీలుతోంది కాబట్టి "సీజన్ క్రాకింగ్" అని పేరు పెట్టారు. ఇంజనీరింగ్ పుస్తకాల్లో ఇప్పటికీ అదే పేరు. మీ ప్లాంటులో అమోనియా వాసన ఉండి, పక్కనే ఇత్తడి కేజ్ ఉన్న బేరింగ్ పెట్టెలోంచి బయటికి వస్తే, ఒక్క మాట అడగండి.

నైలాన్ కేజ్: మనవాళ్లకి ఎక్కువ తలనొప్పి తెచ్చేది

మూడోది ప్లాస్టిక్. ఖచ్చితంగా చెప్పాలంటే గాజు పీచు కలిపిన నైలాన్, పాలిమైడ్ 66 అంటారు. తేలిక, చప్పుడు తక్కువ, వేగానికి మంచిది, గ్రీజు కాసేపు అందకపోయినా వెంటనే పట్టెయ్యదు. అందుకే ఇప్పుడు ఎక్కడ చూసినా ఇదే వస్తోంది. ఇది చెడ్డదని నేను అనను. పెట్టాల్సిన చోట పెడితే రేకు కేజ్ కంటే మంచిదే.

దీనికి హద్దు వేడి. మామూలుగా 120 డిగ్రీల సెల్సియస్ దాటిన చోట వాడొద్దంటారు. ఇక్కడి లెక్కలో 248 డిగ్రీల ఫారెన్‌హీట్. అంతకు మించి ఉంటే ఒక్కరోజులో కరిగిపోదు. రోజురోజుకీ గోధుమ రంగుకి తిరిగి, పెళుసై, ఒకనాడు బిస్కెట్‌లా విరిగిపోతుంది. కొన్ని రకాల నూనెల్లో కలిపే రసాయనాలు కూడా వేడిలో దీన్ని తొందరగా ముసలిదాన్ని చేస్తాయి. చలికి హద్దు మైనస్ 40. సెల్సియస్సా, ఫారెన్‌హీటా అని కంగారు పడక్కర్లేదు, ఆ ఒక్కచోట రెండూ ఒకటే.

నేను కొన్నాళ్లు ఇల్లినాయ్‌లో ఒక బేకరీ ప్లాంటులో ఏజెన్సీ మనిషిగా పనిచేశాను. ఓవెన్ నుంచి బయటికి వచ్చే కన్వేయర్‌కి చివర ఒక బేరింగ్ ఉండేది. రెండు నెలలకోసారి పోయేది. గ్రీజు కొట్టేది జగిత్యాల నుంచి వచ్చిన ఒక పెద్దాయన, రాత్రి షిఫ్టు. రెండుసార్లు ఊరుకున్నారు, మూడోసారి ఆయన చేతికి వార్నింగ్ కాగితం ఇచ్చారు. సంతకం పెట్టమన్నారు.

"తమ్మీ, నేను చార్ట్ ప్రకారమే కొడుతున్న. ఇంకెక్కువ కొడితే సీలు కొట్టుకపోతది. ఏం జెయ్యాలె?" అన్నాడాయన.

"సంతకం పెట్టే ముందు 'నాకు అందింది, ఒప్పుకోవడం లేదు' అని పక్కన రాయండి అన్నా. ఆ పాత బేరింగ్ ఎక్కడుంది?" అని అడిగాను.

తుక్కు డబ్బాలోంచి ఏరి తెచ్చాం. గ్రీజు ఉంది. నల్లబడింది కానీ ఉంది. కేజ్ మాత్రం ముదురు గోధుమ రంగు ముక్కలై చేతిలోకి రాలింది. రింగు మీద నంబరు చివర "టీఎన్9" అని ఉంది. స్టోరులో అడిగితే, ఏడాది కిందటి దాకా అదే నంబరు, చివర ఆ అక్షరాలు లేనిది వచ్చేదట. అంటే రేకు కేజ్‌ది. కొనేవాళ్లు "నంబరు ఒకటే కదా" అని మార్చేశారు. హౌసింగ్ మీద టెంపరేచర్ గన్ పెడితే 230 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించింది. గన్ చూపించేది బయటి ఇనుము వేడి, లోపల కేజ్ దగ్గర అంతకంటే ఎక్కువే ఉంటుంది. నైలాన్ హద్దు 248. లెక్క అక్కడే తేలిపోయింది.

మెయింటెనెన్స్ ఇంజనీర్ మంచివాడు, ఒప్పుకున్నాడు. రేకు కేజ్ బేరింగ్ వేయించాడు. నేను అక్కడ మానేసేదాకా, అంటే ఇంకో ఏడు నెలలు, అది పోలేదు. పెద్దాయన ఫైలులో వార్నింగ్ కాగితం మాత్రం తీసెయ్యలేదు. పక్కన ఆయన రాసిన ఆ ఒక్క వాక్యం, దానికి పిన్ చేసిన ఇంజనీర్ నోట్ ఉన్నాయి కాబట్టి ఏజెన్సీ ఆయన్ని పంపించలేదు.

నైలాన్ కాకుండా ఖరీదైన ప్లాస్టిక్ ఇంకొకటుంది, పీక్ అంటారు. 200 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుంది. ధర చూసి అందరూ కొనరు. అలాగే గుడ్డ పొరలని ఫినాలిక్ రెజిన్‌లో ముంచి గట్టిపరిచి తీసిన గోధుమ రంగు కేజ్‌లు లేత్ స్పిండిళ్లలో, చాలా వేగంగా తిరిగే వాటిలో కనిపిస్తాయి. గుడ్డ కాబట్టి నూనె పీల్చుకుని కొంచెం కొంచెం వదులుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానాల నార్డెన్ గురి పరికరం కోసం అతి సూక్ష్మమైన బేరింగులు చేయడానికే 1942లో కనెక్టికట్ రాష్ట్రం డాన్‌బరీలో బార్డెన్ కంపెనీ పుట్టింది. సీఎన్‌సీ షాపుల్లో పనిచేసేవాళ్లు ఆ పేరు పెట్టెల మీద చూసే ఉంటారు. ఫినాలిక్ కేజ్ సహజంగానే గోధుమ రంగు. దాన్ని చూసి మాడిపోయిన నైలాన్ అనుకోకండి.

నంబరు చివరి అక్షరాలు

బేరింగ్ నంబరులో అంకెలు సైజు చెబుతాయి. 6205 అంటే చివరి 05ని ఐదుతో గుణిస్తే 25, లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు. ఇది చాలామందికి తెలుసు. కేజ్ సంగతి మాత్రం తర్వాత వచ్చే అక్షరాల్లో ఉంటుంది, అక్కడే అందరూ ఆగిపోతారు. 

ఎస్‌కేఎఫ్, ఎఫ్ఏజీ లాంటి కంపెనీల చిన్న బాల్ బేరింగులకి కేజ్ అక్షరం ఏమీ లేకపోతే అది మామూలు రేకు కేజ్ అని లెక్క. ఇంగ్లిషు అక్షరం ఎం ఉంటే దిమ్మ నుంచి తీసిన ఇత్తడి. ఎంఏ అంటే ఆ ఇత్తడి కేజ్ బయటి రింగుని ఆనుకుని తిరుగుతుంది, ఎంబీ అంటే లోపలి రింగుని ఆనుకుని. బాగా అదిరే మెషిన్లకి ఏది పెట్టాలన్నది ఈ రెండో అక్షరం బట్టే ఉంటుంది, కాబట్టి ఎంబీ తీసి ఎం పెట్టకూడదు. ఎస్‌కేఎఫ్‌లో టీఎన్9 అంటే గాజు పీచు నైలాన్, ఎఫ్ఏజీలో అదే టీవీపీ, టీవీహెచ్ అని ఉంటుంది. ఒక్కో కంపెనీది ఒక్కో భాష. ఒక కంపెనీ అక్షరాన్ని ఇంకో కంపెనీకి అంటగట్టకుండా ఆ కంపెనీ కేటలాగులోనే చూడాలి. ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది.

2ఆర్ఎస్, జెడ్‌జెడ్, సీ3 అనేవి కేజ్ అక్షరాలు కావు. మొదటిది రెండు వైపులా రబ్బరు సీలు, రెండోది రేకు మూత, సీ3 అంటే లోపల గుండ్లకి మామూలు కంటే కాస్త ఎక్కువ ఖాళీ. సీలు ఉన్న బేరింగ్‌లో కేజ్ బయటికి కనిపించదు, కాబట్టి అక్షరాలు చదవడం తప్ప వేరే దారి లేదు. కొత్తది బిగించే ముందు పాతదాని పక్కన పెట్టి నంబరు మొదటి నుంచి చివరిదాకా పోల్చండి. తేడా ఉంటే బిగించకముందే అడగండి. బిగించాక అడిగితే "నువ్వే కదా వేశావు" అంటారు.

కేజ్ లేని బేరింగులు కూడా ఉన్నాయి, ఖాళీ లేకుండా గుండ్లు నింపేస్తారు. బరువు ఎక్కువ మోస్తాయి, వేగం పనికిరాదు. మన సైకిల్ హబ్ లాగే. అవి ఉండే చోట్లు తక్కువ.

పగిలిన కేజ్ ఏం చెబుతుంది

కేజ్ తనంతట తాను పగలడం అరుదు. దాదాపు ఎప్పుడూ ఇంకేదో కారణం ఉంటుంది. రంగు మారి నీలంగా, నల్లగా ఉంటే వేడి, గ్రీజు అందలేదన్న అనుమానం. రివెట్లు తెగి, రేకు మాత్రం మెరుస్తుంటే అదురుడు. గుండ్లు కూర్చునే గూళ్లు సాగి ఉంటే షాఫ్టు వంకరగా కూర్చుందన్న అనుమానం, అంటే అలైన్‌మెంట్ తప్పు. నైలాన్ గోధుమ రంగుకి వచ్చి పొడి అయితే ఎక్కువ రోజుల వేడి. ఒకవైపు కేజ్ అంచు మాత్రమే నలిగి ఉంటే, బిగించేటప్పుడు ఎవరో సుత్తి దెబ్బ కేజ్ మీద వేశారు. ఇందులో గ్రీజు మనిషి తప్పు అవ్వగలిగింది ఒక్కటే. మిగతావి అలైన్‌మెంట్ చేసినవాళ్లవి, కొన్నవాళ్లవి, బిగించినవాళ్లవి.

అందుకని పాడైన బేరింగ్‌ని కడగొద్దు. గ్రీజుతో సహా ప్లాస్టిక్ సంచిలో వేసి, తేదీ, మెషిన్ పేరు, ఏ వైపుదో రాసి, సూపర్‌వైజర్‌కి చెప్పి షెల్ఫ్‌లో పెట్టండి. ఇంటికి తీసుకుపోవద్దు, అది కంపెనీ సొత్తు, దొంగతనం అంటారు. ఫొటో తీయాలంటే ఫోన్ అనుమతి ఉందో లేదో చూసుకోండి, చాలా ప్లాంట్లలో లోపల ఫోన్ నిషేధం. అనుమతి లేకపోతే ఇంజనీర్‌నే తీయమనండి.

వేడెక్కిన బేరింగ్ ఎందాకా పోతుంది

జార్జియా రాష్ట్రం పోర్ట్ వెంట్‌వర్త్‌లో ఇంపీరియల్ షుగర్ ఫ్యాక్టరీ ఉండేది. 2008 ఫిబ్రవరి 7 రాత్రి అక్కడ పంచదార దుమ్ము పేలి 14 మంది కార్మికులు చనిపోయారు. సైలోల కింద ఒక కన్వేయర్‌కి, అంతకు ముందు ఏడాదే చుట్టూ ఉక్కు రేకులు మూశారు. లోపల దుమ్ము పేరుకుంది. దానికి నిప్పు చాలావరకు వేడెక్కిన బేరింగ్ వల్లే అంటుకుని ఉంటుందని కెమికల్ సేఫ్టీ బోర్డు దర్యాప్తులో రాసింది. పిండి మిల్లు, చెక్క పొడి, మసాలా ప్యాకింగ్, ఎక్కడ దుమ్ము ఎగిరినా ఇదే ప్రమాదం. అలాంటి చోట "బేరింగ్ కొంచెం వేడిగా ఉంది" అనేది చిన్న మాట కాదు.

2023 ఫిబ్రవరి 3న ఒహాయోలో ఈస్ట్ పాలస్టీన్ దగ్గర గూడ్సు రైలు పట్టాలు తప్పింది టీవీలో చూసే ఉంటారు. 38 వ్యాగన్లు పడిపోయాయి. కారణం ఒక వ్యాగన్ చక్రం బేరింగ్. అందులో ఉండేవి గుండ్లు కావు, రోలర్లు, వాటికీ కేజ్ ఉంటుంది. పట్టాల పక్కనున్న యంత్రాలు ఆ బేరింగ్‌ని మూడుసార్లు కొలిచాయి. బయటి గాలి కంటే మొదట 38 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎక్కువ, సుమారు 10 మైళ్ల తర్వాత 103, ఇంకో 20 మైళ్ల తర్వాత 253. మొదటి రెండు అంకెలకీ రైలు ఆపాల్సిన అవసరం లేదని అప్పటి లెక్క. మూడోది వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఒక్క అంకె చూసి "ఇంకా హద్దు దాటలేదు" అనుకోవడం కన్నా, నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత పెరిగిందో చూడటం మేలు. మీ లాగ్ పుస్తకంలో రోజూ ఒకే చోట గన్ పెట్టి ఒక అంకె రాయండి. ఎవరూ అడగకపోయినా రాయండి.

చెయ్యి పెట్టే ముందు

కంప్రెస్డ్ గాలితో బేరింగ్‌ని తిప్పి గిర్రున శబ్దం వినడం సరదాగా ఉంటుంది. ఎప్పుడూ చెయ్యకండి. నూనె లేకుండా ఆ వేగంలో కేజ్ పగిలితే గుండ్లు తూటాల్లా వస్తాయి. అసలు శుభ్రం చేయడానికి వాడే గాలే 30 పీఎస్ఐ కంటే తక్కువ ఉండాలని ఓషా నిబంధన. ఓషా అంటే ఇక్కడ కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ. బేరింగ్ ఎక్కించడానికి గ్యాస్ మంట పెట్టకండి. రేకు కేజ్ అయితే గ్రీజు మాడుతుంది, నైలాన్ అయితే కేజే కరుగుతుంది. ఇండక్షన్ హీటర్‌తో కాస్త వేడి చేస్తే చాలు.

గార్డు విప్పి తిరిగే షాఫ్టు దగ్గర చెవి పెట్టి వినడం మనవాళ్లలో ఉన్న అలవాటు. ఇక్కడ దానికి దారి లాకౌట్. కరెంటు ఆపి, మీ సొంత తాళం మీరే వేసి, తాళంచెవి మీ జేబులో పెట్టుకోవాలి. ఇంకొకరి తాళం మీద నమ్మకం పెట్టి చెయ్యి లోపల పెట్టొద్దు. బయటి కాంట్రాక్టరు మనుషులు వచ్చినప్పుడు ప్లాంటువాళ్లూ కాంట్రాక్టరూ తమ తమ లాకౌట్ పద్ధతి ఒకరికొకరు చెప్పుకోవాలని నిబంధనలోనే ఉంది. మీ ఏజెన్సీ "మాకు తెలియదు, ప్లాంటువాళ్లని అడుగు" అంటే కుదరదు. ఏజెన్సీ మనుషుల భద్రతకి ఏజెన్సీ, ప్లాంటు ఇద్దరూ బాధ్యులే. శిక్షణ కూడా మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ఇంగ్లిషు పేపరు మీద సంతకం తీసుకుంటే శిక్షణ అయినట్టు కాదు.

ప్రమాదం ఉందని చెప్పినందుకు షిఫ్టు తీసేస్తే, పని లోంచి పంపేస్తే ఓషాకి ఫిర్యాదు చేయవచ్చు. గడువు 30 రోజులే, కాబట్టి "చూద్దాంలే" అని ఆగొద్దు. నంబరు 1-800-321-6742. మీది ఏ వీసా అన్నదాన్ని బట్టి ఆ హక్కు మారదు. కాలిఫోర్నియా, మిషిగన్, నార్త్ కరోలినా లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఆ పని రాష్ట్ర సంస్థ చూస్తుంది, ఈ నంబరుకి చేస్తే దారి చెబుతారు.

మెషిన్ పాడైందని జీతంలో కోస్తామంటే ఆగి అడగండి. ఆ కోత వల్ల మీ జీతం ఫెడరల్ కనీస వేతనం గంటకి 7.25 డాలర్ల కంటే కిందికి పోకూడదు, ఓవర్‌టైం డబ్బు తగ్గకూడదు. చాలా రాష్ట్రాల చట్టం ఇంకా గట్టిగా ఉంటుంది, కనీస వేతనమూ ఎక్కువే. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి కోతల నిబంధనలు వేరుగా, మరింత కఠినంగా ఉన్నాయి. వేతనాల ఫిర్యాదు లేబర్ డిపార్ట్‌మెంట్ వేజ్ అండ్ అవర్ విభాగానికి, 1-866-487-9243.

లాగ్‌లో రాయడానికి పెద్ద ఇంగ్లిషు అక్కర్లేదు. తేదీ, టైము, మెషిన్ నంబరు, తర్వాత "బేరింగ్ హాట్ అండ్ నాయిసీ, టోల్డ్ సూపర్‌వైజర్" అని రాసి, ఎవరికి చెప్పారో ఆ పేరు పెట్టండి. కొత్త బేరింగ్ వేసిన రోజు పాతదాని నంబరు, కొత్తదాని నంబరు రెండూ చివరి అక్షరాలతో సహా రాయండి. ఆ రోజు రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అదే రెండు నంబర్లు ఇంట్లోవాళ్లకి కూడా చెప్పి, ఒక చోట రాసి పెట్టమనండి.